మధ్యములు

మొన్న మాఘమాసంలో ఒక వివాహానికి వెళ్లినప్పుడు, చాలా ఏళ్లు నాతో పాటు ఒకే పాఠశాలలో తెలుగు చెప్పిన మిత్రులొకరు భోజనపు పంక్తిలో నా ప్రక్కన కూర్చున్నారు. మాటల నడుమ మా అమెరికా ప్రయాణం ప్రస్తావనకు వచ్చింది. "గ్రాండ్ కాన్యన్ చూశారట గదా, అడుగున నది దాకా దిగారా?" అని అడిగారు. "లేదండీ, మూడవ మైలు దగ్గర నుంచి వెనుదిరిగి వచ్చాము" అన్నాను. ఆయన గారె త్రుంచుతూ నవ్వి, "అయితే మీరు మధ్యములన్న మాట!" అన్నారు.

ఆ చమత్కారం తెలుగు చదువుకున్నవారికి వివరించనక్కరలేదు. భర్తృహరి సుభాషితాన్ని ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన పద్యం ఒకటున్నది. విఘ్నాలకు భయపడి అసలు పనే మొదలుపెట్టనివారు అధములు, మొదలుపెట్టి విఘ్నం కలగగానే విడిచిపెట్టేవారు మధ్యములు, ఎన్ని విఘ్నాలు వచ్చినా విడువనివారు ఉత్తములు అని దాని తాత్పర్యం. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆ పద్యాన్ని పిల్లల చేత కంఠస్థం చేయించాను. తప్పు చదివినవారిని నిలబెట్టాను. మిత్రులు అదే పద్యాన్ని నా మీద ప్రయోగించినప్పుడు తడుముకోకుండా సమాధానం చెప్పవలసినవాడను. చెప్పలేకపోయాను. విస్తరి ముందు చెప్పగలిగినంత చిన్నది కాదు ఆ సమాధానం. ఇక్కడ తీరికగా చెబుతాను.

ప్రయాణం 2019 అక్టోబరు రెండవ వారంలో జరిగింది. మా అమ్మాయి, అల్లుడుగారు అరిజోనాలోని ఫీనిక్స్ దగ్గర ఉంటారు. అక్కడి బడులకు ఆ నెలలో కొద్ది రోజులు సెలవులిస్తారు. మా మనుమరాలికి అప్పుడు 12 ఏళ్లు, నాకు 62. అల్లుడుగారు ఆర్.వి. అని పిలిచే ఒక బండిని అద్దెకు తెచ్చారు. దానికి నేను గృహశకటమని పేరు పెట్టాను గాని ఇంట్లో ఎవరూ ఆ పేరు వాడలేదు. ముందర చోదకుని ఆసనం, దాని నెత్తిన ఇద్దరు పడుకొనే అటక, వెనుక ఒక మంచం, నడుమ గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, తలుపు వేసుకొంటే మోచేతులు గోడలకు తగిలే స్నానాలగది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు, పల్లకీలు, పరివారంతో వెళ్లి, ఎక్కడ మజిలీ చేసినదీ, అక్కడ నీళ్లు ఎట్లా ఉన్నదీ వ్రాసుకొంటూ పోయాడు. ఆయన పరివారమంతా చేసిన పనిని ఈ బండి ఒక్కటే చేస్తుందనిపించింది.

అందులో నన్ను ఆకర్షించినవి నీటి తొట్లు. మంచినీళ్లకొకటి, పాత్రలు కడిగిన నీళ్లూ స్నానపు నీళ్లూ చేరడానికొకటి, మరుగుదొడ్డి కోసం మరొకటి. ఏ తొట్టిలో ఎంత ఉన్నదో గోడ మీద చిన్న దీపాలు వెలిగి చెబుతాయి. మా శ్రీమతి మెట్టప్రాంతంలో పుట్టిన మనిషి. బిందెడు నీళ్లతో రోజు గడపడం ఆమెకు కొత్త కాదు. మొదటి రాత్రే అమ్మాయిని కుళాయి దగ్గర నుంచి తప్పించి, చెంబుతో పాత్రలు కడగడం మొదలుపెట్టింది. మూడవ రోజున అల్లుడుగారు చేతికి తొడుగులు వేసుకొని, లావుపాటి గొట్టం తగిలించి మురుగు తొట్టిని ఖాళీ చేస్తుంటే నాకు సిగ్గు వేసింది. నేను చేస్తానని ముందుకు వెళ్లాను. "మీరు ఉండండి మామయ్యగారూ" అన్నారు. ఆ మాటలోని మర్యాదే రెండు రోజుల తరువాత మమ్మల్ని ఇబ్బందిలో పెట్టింది.

మొదటి మజిలీ యూటా రాష్ట్రంలోని జయాన్. తూర్పు వైపు నుంచి వెళ్లేవారు కొండను తొలిచిన ఒక మైలు పైచిలుకు సొరంగం గుండా పోవాలి. 1930లో పూర్తయిన సొరంగం అది. మా బండి ఎత్తుకు పక్కగా పోతే పైకప్పు తగులుతుంది. అందుచేత అప్పట్లో 15 డాలర్లు తీసుకొని, ఎదుటి వాహనాలను ఆపి, ఇటువంటి బండ్లను నడిమధ్యగా పోనిచ్చేవారు. అవతల వెలుగులోకి రాగానే ఎర్రని ఇసుకరాతి గోడలు రెండు వైపులా ఆకాశానికి లేచాయి. ఆ గోడలను కోసిన వర్జిన్ నది మాత్రం మన ఊరి వాగంత ఉన్నది.

మరునాడు అక్కడ కొండ ఎక్కాము. ఏంజెల్స్ లాండింగ్ అనే ప్రఖ్యాతమైన శిఖరానికి పోయే దారి. చివరి అర మైలు గొలుసులు పట్టుకొని కత్తి అంచు వంటి రాతి మీద నడవాలి. ఇప్పుడు దానికి అనుమతి పత్రం కావాలి గాని (2022 నుంచి ఆ నియమం పెట్టారు), అప్పుడు ఎవరైనా పోవచ్చు. గొలుసులు మొదలయ్యే చోటికి ముందు వాల్టర్స్ విగిల్స్ అని 21 మలుపులున్నాయి. అలిపిరి నుంచి తిరుమలకు ఎన్నోసార్లు నడిచినవాడిని, మోకాళ్లపర్వతం దగ్గర యువకులను దాటిపోయినవాడిని. ఆయాసపడుతూనే ఎక్కాను. గొలుసులను చూసి, ఇక చాలునని అక్కడే కూర్చున్నాను. అల్లుడుగారూ మనుమరాలూ కూడా కూర్చున్నారు. అరటిపళ్లు తిని దిగివచ్చాము. చివరిదాకా వెళ్లలేదు గదా, మేము మధ్యములమేనా అన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. కొండ ఎక్కేవాడికి అలసటే హెచ్చరిక. తిరుగుదారి అతనికి కష్టం లేని దారి.

తరువాత బ్రైస్. ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఒక అంచు, దాని క్రింద నారింజరంగు రాతి స్తంభాలు గుంపులు గుంపులుగా. చలికాలంలో పగుళ్లలోని నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి రాతిని అట్లా చెక్కుతుందట. ఆ ప్రాంతపు పైయూట్ జాతివారి కథలో వారందరూ దుర్మార్గం చేసి కొయోటీ అనే మాయావి చేత రాళ్లుగా మార్చబడిన మనుషులు. మన అహల్య కథ గుర్తుకు రాక మానదు. అక్కడ అరువందల అడుగుల లోతుకు దిగాము. దిగుతున్నంతసేపూ మా మనుమరాలికి పద్యాలు చెబుతూ దిగాను. ఎక్కేటప్పుడు మాట రాలేదు. పైన బల్ల మీద కూర్చొని నారింజలు వలుస్తున్న మా శ్రీమతి నా ముఖం చూసి, "ఏమండీ, ఎర్రగా కందిపోయారే" అన్నది. ఎత్తైన ప్రదేశం గనుక గాలి పలుచన అని తప్పు గాలి మీద వేశాను. అక్కడే తెలుసుకోవలసింది.

ఇక గ్రాండ్ కాన్యన్. తూర్పు ద్వారం గుండా దక్షిణపు అంచుకు చేరాము. 277 మైళ్ల పొడవు, మైలు లోతు, వెడల్పు కొన్ని చోట్ల 18 మైళ్లు. కాన్యన్ అన్నది స్పానిష్ నుంచి వచ్చిన మాట. దాన్ని 'లోయ' అనడం నాకు తృప్తినివ్వదు. నది కొండను కోసిన చోటును చెప్పే మాట మనకు 'గండి' ఉన్నది, గండికోట పేరులో ఉన్నది అదే. అయితే ఇక్కడి అంచున నిలబడినప్పుడు ఏ మాటా నోటికి రాలేదు. పేర్ల విషయంలో నన్ను ఆశ్చర్యపరచినది మరొకటి. ఆ అగాధంలో నుంచి లేచిన శిఖరాలలో ఒకటి విష్ణు ఆలయం, ఒకటి శివాలయం. 1880 ప్రాంతంలో భూగర్భ పరిశీలనకు వచ్చిన క్లారెన్స్ డటన్ అనే ఆయనకు ఆ ఆకారాలు తూర్పుదేశాల గోపురాల్లాగా తోచాయి. బ్రహ్మకూ ఒక శిఖరం దక్కింది, మన దేశంలో ఆయనకు గుడులు అరుదైనా. అన్నిటికంటె అడుగున నది కోసిన నల్లని శిలకు శాస్త్రజ్ఞులు వాడే పేరు విష్ణు షిస్ట్. అంచు మీది రాతికి వయస్సు 27 కోట్ల ఏళ్లు, ఆ విష్ణు శిలకు సుమారు 170 కోట్ల ఏళ్లు. ఆ పేరు విన్న తరువాత నాకు అడుగుదాకా పోవాలన్న పట్టుదల పుట్టింది. విష్ణువు పైన కొండ మీద ఉంటాడనుకొనే తిరుపతి దారివాడికి, ఇక్కడ ఆయన అన్నిటికంటె క్రింద ఉన్నాడు. దర్శనం చేసుకోకుండా ఎట్లా?

దిగే దారి పేరు బ్రైట్ ఏంజెల్. హవసుపాయి జాతివారు నడిచిన పాత దారి అది. ఒకప్పుడు ఒక పెద్దమనిషి దాన్ని తనదని చెప్పుకొని మనిషికి ఒక డాలరు సుంకం వసూలు చేశాడు. ఒకటిన్నర మైలు దగ్గర ఒకటి, మూడు మైళ్ల దగ్గర ఒకటి రాతి విశ్రాంతి మందిరాలున్నాయి. నాలుగున్నర మైళ్ల దగ్గర పచ్చని చెట్ల చోటు ఒకటి. అప్పుడు దాన్ని ఇండియన్ గార్డెన్ అనేవారు. అక్కడ పంటలు వేసుకొని బ్రతికిన హవసుపాయిలను ఉద్యానవనం పేరిట వెళ్లగొట్టారు. వారి కోరిక మీద 2022లో దాని పేరు హవసుపాయి గార్డెన్స్ అని మార్చారు. నది ఇంకా దిగువన ఉన్నది. ఒక్క రోజులో నది దాకా పోయి రావద్దని అక్కడివారు మళ్లీ మళ్లీ చెబుతారు. హెచ్చరిక పలకల మీద బొమ్మ ముసలివాళ్లది కాదు, కండలు తిరిగిన యువకుడిది. దిగడానికి పట్టిన సమయానికి రెండింతలు ఎక్కడానికి ఉంచుకోవాలన్నది వారు చెప్పే లెక్క. నేను దాన్ని చదివాను. చదవడానికీ వినడానికీ తేడా ఉన్నదని పిల్లలకు చెప్పినవాడినే, నేను మాత్రం చదివి ఊరుకున్నాను.

శ్రీమతీ అమ్మాయీ పైన ఉండిపోయారు. మేము ముగ్గురం ఉదయం ఎనిమిదింటికి స్వెట్టర్లు వేసుకొని బయలుదేరాము. చల్లని నీడ, మెత్తని ధూళి, ప్రతి మలుపుకూ క్రొత్త రంగు రాయి. కాళ్లు తమంత తామే పోతున్నాయి. అట్లా ఒక నడక సుఖంగా సాగడం నా జీవితంలో అరుదు. పైనుంచి కంచరగాడిదల బారు వస్తే గోడ వైపు ఒత్తిగిలి దారి ఇచ్చాము. మొదటి మందిరం దగ్గర అల్లుడుగారు, "ఇక్కడ నుంచి తిరుగుదామా మామయ్యగారూ?" అని అడిగారు. "ఇంకా మొదలే గదా" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. పిల్లనిచ్చిన మామ మాటకు అడ్డు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

మూడవ మైలు చేరేసరికి రెండు వేల అడుగుల పైన దిగి ఉన్నాము. నీడ పోయింది. స్వెట్టర్లు సంచుల్లోకి పోయాయి. మనుమరాలు రాతి అరుగు మీద కూర్చొని, "తాతయ్యా, తల నొప్పిగా ఉంది. ఇక్కణ్ణుంచి వెళ్లిపోదామా?" అన్నది. ఆ పచ్చని చెట్లు క్రింద కనిపిస్తున్నాయి. ఇంకొక ఒకటిన్నర మైలు. నేను దాని ప్రక్కన కూర్చొని భర్తృహరి పద్యం చదివి, తాత్పర్యం చెప్పాను. "నువ్వు వీరిలో ఎవరివమ్మా?" అని అడిగాను.

పిల్ల లేచి నిలబడింది. ఎంతోమంది పిల్లల మీద పనిచేసిన పద్యం, ఏడు సముద్రాల అవతల కూడా పనిచేసింది.

అదే సమయానికి దిగువ నుంచి ఉద్యానవనపు దుస్తులలో ఒక మహిళ ఎక్కి వచ్చింది. ఇటువంటి చోట్ల ఇబ్బంది ముదరక ముందే ఆపి మాట్లాడడానికి మనుషులను పెట్టారట. నన్ను ఎక్కడికి అని అడిగింది. చెప్పాను. తరువాత ఆమె నా వైపు చూడలేదు. మోకాళ్ల మీద కూర్చొని పిల్ల ముఖంలోకి చూస్తూ, "ఇవాళ ఏమి తిన్నావు?" అని అడిగింది. ఉదయం సగం రొట్టె. దారిలో? ఏమీ తినలేదు. నీళ్లు? చాలా త్రాగింది, తాతయ్య త్రాగమన్నప్పుడల్లా. అదీ నేనే. మెట్టప్రాంతపు భయంతో ప్రతి మలుపులోనూ నీళ్లు త్రాగించాను, ఉప్పు సంగతి తలచలేదు. ఎండలో చెమటతో ఉప్పు పోతుంటే ఉట్టి నీళ్లే త్రాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలుచబడి అది కూడా ప్రాణం మీదికి తెస్తుందని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. మా గృహశకటంలో ఏది ఎంత మిగిలి ఉన్నదో గోడ మీద దీపాలు చెప్పేవి. ఈ పిల్లకు ఆ దీపాలు లేవు, ఉన్న ఒక్క మాటనూ నేను పద్యంతో ఆర్పివేశాను.

ఉప్పు బిస్కత్తులు తినిపించి, గంటసేపు నీడన కూర్చోబెట్టి, మెడకు తడిగుడ్డ కట్టి ఆమె మమ్మల్ని పైకి పంపింది. గంటన్నరలో దిగిన మూడు మైళ్లు ఎక్కడానికి ఐదు గంటలు పట్టింది. ఒక మలుపులో పిల్లకు వాంతి అయింది. అల్లుడుగారు దాని సంచి, నా సంచి కూడా వేసుకొని నడిచారు. నాకు కాళ్లు సహకరించలేదు గాని దాన్ని గురించి వ్రాయడం అనవసరం. ఆ సాయంకాలం అంచు మీద కూర్చున్నప్పుడు అల్లుడుగారు నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి బండి అటక మీద పడుకొని నిద్రపట్టక ఆలోచించినది ఇప్పుడు చెబుతాను. మన సాహిత్యంలోని సాహసాలన్నీ దాదాపు ఆరోహణలే. కష్టం ముందుంటుంది, ఫలం పైన ఉంటుంది, ఫలం అందిన తరువాత దారి సులువు. సముద్రం దాటడం కూడా అటువంటిదే. ఆ లెక్కలో మధ్యలో మరలినవాడు కష్టానికి ఓడినవాడే. భర్తృహరి తీర్పు అక్కడ సరిపోతుంది. కాని ఈ గండి తలక్రిందులుగా నిలిపిన కొండ. సుఖం ముందు, కష్టం వెనుక. దిగుతున్నవాడికి విఘ్నమే ఎదురుకాదు. విఘ్నం వచ్చేవేళకు, మరలడం అనేదే మిగిలిన మొత్తం పని అయి కూర్చుంటుంది. ఇటువంటి చోట, విఘ్నం కలగక ముందే, కాళ్లు బాగున్నప్పుడే ఆగగలిగినవాడు కావాలి. అతనికి సుభాషితకారుడు ఏ తరగతినీ కేటాయించలేదు.

అయితే మన వాఙ్మయంలో ఈ గండి లేకపోలేదు. భారతంలో ఉన్నది. పద్మవ్యూహం. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ మాట అతడు దాచలేదు. ధర్మరాజుకు స్పష్టంగా చెప్పాడు. తెలిసి ఉండీ, వెనుకనే మేము వస్తామని మాట ఇచ్చి ధర్మరాజు అతణ్ణి పంపాడు. సైంధవుడు అడ్డగించాడు, పెద్దలు లోపలికి పోలేకపోయారు. తిక్కనగారి ద్రోణపర్వం చెప్పే ప్రతి ఏడూ నేను అభిమన్యుడి శౌర్యాన్నీ, సైంధవుడి పాపాన్నీ చెప్పాను. పంపినవాడి సంగతి ఎన్నడూ తరగతిలో చర్చకు పెట్టలేదు. మూడవ మైలు దగ్గర రాతి అరుగు మీద నేను కూర్చున్నది ధర్మరాజు పీట మీద.

నా వాదానికి ఎదురుగా నిలిచే కథ ఆ నది మీదనే జరిగింది, దాన్ని దాచడం న్యాయం కాదు. జాన్ వెస్లీ పవెల్ అనే ఆయన, యుద్ధంలో ఒక చేతిని పోగొట్టుకొన్నవాడు, 1869లో తొమ్మిదిమందితో నాలుగు పడవల మీద బయలుదేరి ఈ నదీమార్గాన్ని మొదటిసారి పరిశోధించాడు. ఒకడు దారిలోనే విరమించుకొన్నాడు. తిండి అయిపోవచ్చిన దశలో, ఆగస్టు 28న, ఒక భయంకరమైన నీటిదూకుడు ఎదురయ్యేసరికి మరి ముగ్గురు, హౌలాండ్ అన్నదమ్ములూ డన్ అనే ఆయనా, ఇక నది వద్దని గోడ ఎక్కి పీఠభూమి మీదికి పోయారు. వారు మరల కనిపించలేదు. ఎవరో చంపివేశారు. ఎవరన్నది నేటికీ వివాదమే. పడవల మీద మిగిలినవారు దూకుడు దాటి రెండు రోజులకే గండి నుంచి క్షేమంగా వెలువడి, మేము జయాన్‌లో చూసిన ఆ వర్జిన్ నది కొలరాడోలో కలిసే చోటికి చేరారు. మా మిత్రులకు ఈ కథ తెలిసి ఉంటే గారె పూర్తికాక ముందే చెప్పేవారు. మరలినవారు పోయారు, మరలనివారు బ్రతికారు.

దీనికి నా సమాధానం ఒకటే. ప్రవాహం వెంట పడవలో పోయేవాడికి వెనుకదారి లేదు. అతడు దాటవలసినదంతా ముందే ఉన్నది. కాలిదారిన దిగేవాడు దాటవలసినదంతా వెనుక ఉన్నది. మొదలుపెట్టిన పనులన్నిటికీ ఒకటే కొలబద్ద పెట్టిన చోట చిక్కు వచ్చింది. ఏ పనిలో కష్టం ఎటు ఉన్నదో చూడకుండా, ఆగినవాడిని మధ్యముడనడం తొందరపాటు.

పవెల్ కథ అమెరికాలో జరిగింది గాని దిగుడు దారులు మన దగ్గరే ఎక్కువ. మా పెదనాన్నగారి కుమారుడు మెట్టపొలంలో బోరు వేయించాడు. రెండువందల అడుగులకు నీళ్లు పడలేదు. మరొక వంద. మరొక వంద. తరువాత ఇంకొక మూల ఇంకొక బోరు. ప్రతిసారీ, "ఇంతదాకా వచ్చి ఆపుతావా?" అన్నవారే చుట్టూ. అప్పు తెచ్చేటప్పుడు కాళ్లు తమంత తామే పోతాయి. ఎక్కవలసి వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవారెవరూ సంచి మోయలేదు.

ఇక చివరిది చెప్పవలసి ఉన్నది. 1994లో ఒక తండ్రి తన కొడుకును మా ఇంటికి తీసుకొని వచ్చాడు. నా దగ్గర పదవ తరగతి దాకా చదివిన పిల్లవాడు. ఇంటర్మీడియట్‌లో గణితశాస్త్రపు విభాగంలో చేర్చి, పట్టణంలో వసతిగృహంలో పెట్టారు. ఆరు నెలలకు ఇంటికి వచ్చేసి, తనకు ఇది వద్దు, తెలుగో చరిత్రో చదువుకుంటానంటున్నాడు. "మీ మాటంటే వాడికి గురి, కాస్త చెప్పండి పంతులుగారూ" అన్నాడు తండ్రి. నేను చెప్పాను. ఏమి చెప్పానో చదువరులు ఊహించే ఉంటారు. ఆ పిల్లవాడు అరుగు మీద నుంచి లేచి నిలబడిన తీరు నాకు మూడవ మైలు దగ్గర గుర్తుకు వచ్చింది. అచ్చంగా అట్లాగే లేచాడు. వెళ్లాడు. రెండేళ్లూ పూర్తి చేశాడు. ఆ పైన నాలుగుసార్లు తప్పిన పరీక్షలకు కట్టాడు. తెలుగూ చదవలేదు, చరిత్రా చదవలేదు. ఇప్పుడు మండల కేంద్రంలో విత్తనాల దుకాణం నడుపుతున్నాడు. కనిపిస్తే లేచి నమస్కరించి కుర్చీ వేస్తాడు. దుకాణంలో గల్లాపెట్టె వెనుక భారతం సంపుటాలు కొన్ని ఉంటాయి. వాటిని గురించి ఆయనా మాట్లాడడు, నేనూ అడగలేదు.

ఇట్లా వాదిస్తే సోమరులకు ఊతమిచ్చినట్లవుతుందని మిత్రులు అనవచ్చు. సోమరికి భర్తృహరి మొదటి తరగతి ఎట్లాగూ ఉన్నది, దాని జోలికి నేను పోలేదు. నేను అడుగుతున్నది చిన్న సవరణ. తెలుగు చెప్పే మాస్టర్లు ఆ పద్యాన్ని చెప్పకుండా ఉండమని అనను. మంచి పద్యం, ధార ఉన్నది. చెప్పిన మరునాడే అభిమన్యుడు ధర్మరాజుతో అన్న మాటను కూడా చెప్పమంటాను. "నాకు బయటికి రావడం తెలియదు" అని ఒక పిల్లవాడు చెప్పినప్పుడు పెద్దవాడు ఏమి చేయాలి అన్న ప్రశ్నను పరీక్షలో ఐదు మార్కులకు ఇవ్వమంటాను. తలనొప్పిగా ఉన్నదన్న మాట విన్నప్పుడు మొదట అడగవలసినది, ఇవాళ ఏమి తిన్నావని. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి నేను ఆ ప్రశ్న ఎంతమందిని అడిగానో లెక్క వేస్తే రెండు చేతుల వేళ్లు ఎక్కువే.

మా మనుమరాలు ఇప్పుడు కళాశాలలో ఉన్నది. మిత్రుడి పరిహాసం సంగతి ఫోనులో చెబితే నవ్వింది. "తాతయ్యా, మనం మధ్యములం కాము, ఆలస్యంగా తిరిగినవాళ్లం. మొదటి షెడ్ దగ్గరే తిరగాల్సింది" అన్నది. స్నేహితురాండ్రతో ఈసారి నది దాకా పోవాలని ఉన్నదట. క్రింద రాత్రి బస చేయడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టింది. దిగడానికి ఒక రోజు, ఎక్కడానికి రెండు రోజులు పెట్టుకొన్నది. ఏ సమయానికి ఏ చోటు చేరకపోతే అక్కడ నుంచి వెనుదిరగాలో కాగితం మీద వ్రాసుకొని వాళ్ల అమ్మకు ఒక ప్రతి ఇచ్చిందట. ఉప్పు వేసి వేయించిన శనగలు పంపమని మా శ్రీమతిని అడిగింది. అవి రేపు పార్సెలు కట్టాలి.